‘స’ మింగేసిన స్పీకర్లు

ఆగస్టు 4, సోమవారం

కారు స్పీకర్లు పోయాయి. పూర్తిగా పోయి ఉంటే మనసు స్థిమితపడేది. మోగుతూనే పోయాయి. పొద్దున వార్తలు చదివే ఆవిడ నోట్లో పత్తి కుక్కుకున్నట్టు చదివింది. ‘సమావేశం’ అనాల్సిన చోట ‘అమావేఅం’ అంది. ‘సంస్కరణలు’ అన్న మాటని గుర్తుపట్టడానికి నాకు రెండు వీధులు పట్టింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి శ, ష, స తేడా నేర్పి నేర్పి నాలుక అరగదీసుకున్న భాష మాస్టారిని నేను. నా కార్లోనే ఆ మూడక్షరాలు లేకుండా వార్తలు రావడం కన్నా అవమానం ఇంకేముంటుంది?

పక్కన లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నాడు. మాదొకటే వీధి, ఒకటే బడి. పెట్రోలు చెరిసగం.

“స్పీకర్లు పాడైనట్టున్నాయి కదూ?” అన్నాను.

“బాగానే వినపడుతోంది మాస్టారూ. కాస్త సౌండు తగ్గించినా బాగానే ఉంటుంది.”

లెక్కలవాళ్ళకి అంకెలు వినపడితే చాలు. ఈ శ, ష, స అనే ఊష్మాల గొడవ వాళ్ళకెందుకు?

ముందు డోర్లకి కొత్త స్పీకర్లు వేయిస్తానని భోజనాల దగ్గర ప్రకటించాను. మా ఆవిడ ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. ఎవరు ఏం అడిగినా ముందు కొలత తీసుకోవడం ఆమెకి అలవాటు. నా కోరికకీ తీసింది.

“నా మిషను మోటారుకి ఎంతయిందో అంతలో వస్తే తెచ్చుకోండి. దానికి మించి చిల్లిగవ్వ పెట్టినా, ఆ డోర్లో కూర్చుని మీరే పాడాలి.”

హద్దు తేలింది. ఇక ఎంపికే మిగిలింది.

ఆగస్టు 6, బుధవారం

బడి అయ్యాక స్పీకర్ల షాపుకి వెళ్ళాను. గోడలనిండా నల్లటి గుండ్రటి మూతులు, నన్నే చూస్తూ. షాపతను ఒక పెట్టె తీసి ముందు పెట్టాడు. దాని మీద అంకె పిడికిలంత ఉంది.

“ఇంత పవరే!” అన్నాను.

“అది పెట్టె పవరు సార్. స్పీకరు పవరు వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది.”

ఈ మనిషి నాకు నచ్చాడు. పాత కారు స్టీరియోకి బలం తక్కువట. అందుకని పవరు చూసి మోసపోకుండా, తక్కువ బలంతో గట్టిగా పలికేదాన్ని ఏరుకోవాలట. ఆ గుణాన్ని సెన్సిటివిటీ అంటారని చెప్పాడు. అది మా ఇంట్లో నాకు తప్ప అందరికీ దండిగానే ఉంది. ఇంకా డోరులోపల ఎంత చోటుందో కొలుచుకోవాలి, లేకపోతే అద్దం దిగేటప్పుడు వెనకాల మాగ్నెట్‌కి తగులుతుంది. ఇన్ని సంగతులున్నాయని తెలియకుండానే ఇన్నేళ్ళు కారు నడిపాను.

“ఏం వింటారు సార్?”

“మాటలు.”

“పాటలా?”

“మాటలు. వార్తలు, ప్రసంగాలు, నాటికలు.”

“మాటల కోసం స్పీకర్లు మార్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా,” అని మూడు జతలు వరసగా కలిపి వినిపించాడు. ఒకటి డబ్బాలో మాట్లాడినట్టు, ఒకటి దుప్పట్లో మాట్లాడినట్టు, ఒకటి ఆ రెంటికీ మధ్య. కానీ మూడు కంపెనీలూ కూడబలుక్కున్నట్టు అదే అక్షరాన్ని మింగేశాయి. నాణ్యత ఎంత దిగజారిందో!

ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 7, గురువారం

స్టాఫ్ రూములో అందరూ గుసగుసలాడుకుంటున్నారు. ఏదో రాజకీయం నడుస్తోంది.

ఆగస్టు 9, శనివారం

బావమరిది వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే వాడికి ప్రపంచంలో విప్పకూడనిదంటూ ఉండదు. డోరు అట్ట ఊడదీశాడు. రెండు క్లిప్పులు టప్పున విరిగాయి. “అవి ఎప్పుడూ విరుగుతాయి బావా,” అన్నాడు, వైద్యుడు ఆయుర్దాయం గురించి చెప్పినట్టు.

లోపల స్పీకరు కాగితం చిరగలేదు. అంచు రబ్బరు ఊడలేదు. వేలితో నొక్కి చూశాడు, మెత్తగా వెళ్ళి మెత్తగా వచ్చింది.

“ఇది బంగారంలా ఉంది బావా. కంపెనీతో వచ్చిందే. ఎందుకు మార్చడం?”

“పైకి అలాగే కనపడుతుంది. లోపల అరిగిపోయి ఉంటుంది.”

“స్పీకరు అరగదు బావా.”

“అరుగుతుంది. వయసుతో అన్నీ అరుగుతాయి.”

వాడు నా మొహంకేసి చూసి ఏదో గొణిగాడు. “ఏమిటీ?” అన్నాను. “ఏం లేదులే,” అన్నాడు గట్టిగా. ఈమధ్య అందరూ ఇంతే. ముందు గొణగడం, తర్వాత అరవడం. మామూలుగా మాట్లాడే మనుషులు అంతరించిపోతున్నారు.

సన్నటి శబ్దాల కోసం విడిగా చిన్న ట్వీటర్లు వచ్చే సెట్టు కొనమన్నాడు. దాని ధర విన్నాను. మిషను మోటారు, మిషను, కుట్టే మనిషి కలిపినా అంత కాదు.

ఆగస్టు 12, మంగళవారం

అమ్మాయి ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఇళ్ళ ప్లానులు గీస్తుంది. సాయంత్రం వాన పడుతోందని నేనే కారు తీసుకెళ్ళి ఎక్కించుకున్నాను. పైన వాన, అద్దం మీద వైపర్ల గోల. దారిలో నెమ్మదిగా మొదలుపెట్టింది.

“నాన్నా, పిల్లి సంగతి నీతో మాట్లాడాలి.”

నేను ఉలిక్కిపడ్డాను. “ఇప్పుడు అంత అవసరం ఏమొచ్చింది?”

“ఇంకెప్పుడు నాన్నా? ఏడాదిగా అనుకుంటున్నా. అమ్మకి తెలుసు.”

ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుస్తాయి. “ఎక్కడ చూశావు?”

“ఆఫీసులోనే. చాలా నెమ్మది. నేనంటే ప్రాణం.”

ఇంకా ఏదో చెప్పింది, లారీ ఒకటి పక్కనుంచి పోయింది. నేను విషయం తెలిసిన మనిషిలా, “ఏ జాతి?” అని అడిగాను.

అమ్మాయి నాకేసి తిరిగింది. “జాతా? అది ముఖ్యమా నాన్నా?”

“ముఖ్యం కాదూ? కొన్ని జాతులు మన ఇంట్లో ఇమడవమ్మా. పైగా వీధిలో తిరిగేవాటిని తెచ్చి నెత్తిన పెట్టుకుంటే, తర్వాత కడుక్కోవాల్సింది మనమే.”

“నాన్నా! నువ్వేనా ఇలా మాట్లాడేది?”

“నేను కాక ఇంకెవరు చెబుతారు? నీకంత ముద్దుగా ఉంటే ఆఫీసులో రోజూ చూసుకో, అక్కడే ఏదో ఒకటి తినిపించు. ఇంట్లోకి మాత్రం వద్దు.”

సిగ్నల్ దగ్గర డోరు తీసుకుని వానలోనే దిగి వెళ్ళిపోయింది. కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. ఈ తరం పిల్లలకి మూగజీవాల మీద ఇంత ప్రేమ ఉండటం మంచిదే. కానీ దేనికైనా ఒక మోతాదు ఉండాలి.

ఆగస్టు 13, బుధవారం

అమ్మాయి మాట్లాడటం లేదు. ఒక్క పిల్లి కోసం!

ఆగస్టు 14, గురువారం

మా ఆవిడ వంటింట్లోంచి, అటు తిరిగి గిన్నె తోముతూ, “ఆ పిల్ల... కేం తక్కువని?” అని అడిగింది. మధ్య అక్షరం కుళాయి కింద కొట్టుకుపోయింది.

“తక్కువా ఎక్కువా అని కాదు. నాకు పడదు. ఇంక ఆ విషయం ఎత్తకు,” అన్నాను.

గిన్నె సింకులో పడేసిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడింది. నా చెవులకేం, దివ్యంగా ఉన్నాయి. మనుషుల ఉచ్చారణే పాడైపోయింది.

ఆగస్టు 16, శనివారం

కొన్నాను. ఆవిడ హద్దులోపలే. ట్వీటరు మధ్యలోనే అమర్చిన రకం. స్పీకరు చుట్టూ ఎర్రటి గీత ఒకటి ఉంది. డోరు అట్ట బిగించాక అది ఎవరికీ కనపడదు, అయినా ఆ గీతకి కూడా డబ్బు తీసుకునే ఉంటారు.

బావమరిది బిగించాడు. కొలత చూడమని చెప్పాను, చూశానన్నాడు. అద్దం దించితే సగంలో గర్రుమంది. మాగ్నెట్ తగిలింది. మళ్ళీ విప్పాడు, మధ్యలో ఒక ప్లాస్టిక్ చట్రం పెట్టి స్పీకరుని బయటికి జరిపాడు. ఇంకో క్లిప్పు విరిగింది. సాయంత్రానికి రెండు డోర్లూ మూసుకున్నాయి. పాత స్పీకర్లు పారేస్తానన్నాడు కానీ తన సంచిలో పెట్టుకుంటుండగా చూశాను.

రేడియో పెట్టాను. దమ్ముగా ఉంది. మగవాళ్ళ గొంతులు గుండెలో మోగుతున్నాయి. వార్తలావిడ మాత్రం ఇంకా పత్తి తీయలేదు. కొత్త స్పీకర్లు కొన్నాళ్ళు వాడితేగానీ గొంతు విప్పవని షాపతను అన్నాడు. కోడలికి కూడా కొన్నాళ్ళు సమయం ఇస్తాం కదా.

వీలైనంత పెంచి పెడుతున్నాను, త్వరగా విప్పుతాయని.

ఆగస్టు 18, సోమవారం

బడి గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టి, “సార్, రేపు వాన పడుతుందట కదా. మీ కార్లో విన్నాం, మీరు మలుపు తిరగకముందే,” అన్నాడు.

స్పీకర్లు బాగా పనిచేస్తున్నాయన్నమాట.

లెక్కల మాస్టారు రేపట్నుంచి బస్సులో వస్తాడట. డాక్టరు నడవమన్నాడట. బస్సులో నడక ఎలాగో అడగలేదు.

ఆగస్టు 21, గురువారం

ఉపన్యాస పోటీ జరిగింది. ప్రిన్సిపాల్ మేడమ్, లెక్కల మాస్టారు, నేను న్యాయనిర్ణేతలం. ఉచ్చారణ మార్కులు ఎప్పుడూ నా చేతిలోనే ఉంటాయి, వాటి బరువూ ఎక్కువే.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, బక్కపలచని మనిషి, సన్నటి గొంతు, సముద్రం గురించి మాట్లాడింది. చేతులు బాగా కదిపింది, కళ్ళు బాగా కదిపింది. అక్షరాలు మాత్రం కదిలించలేదు. ‘ముద్రం’, ‘ముద్రం’ అంటూనే ఉంది. అలలు, ఒడ్డు, ఓడలు వినపడుతున్నాయి, అసలు సముద్రమే రావడం లేదు. మిగతా ఇద్దరూ తలలూపుతున్నారు. ఉచ్చారణ గురించి వాళ్ళకేం తెలుసు?

ఉచ్చారణకి అందరికన్నా తక్కువ మార్కు వేశాను. మైకు తీసుకుని, పిల్లలందరికీ ఉపయోగపడుతుందని, “అమ్మాయ్, ‘స’ పలకడం రాకుండా సముద్రం జోలికి పోకూడదు,” అన్నాను. హాలంతా నవ్వింది.

మొదటి బహుమతి ఎనిమిదో తరగతి కుర్రాడికి. మైకు అక్కర్లేని గొంతు. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు పలికాడు.

లెక్కల మాస్టారు బయట నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. పిల్లల గోలలో అందలేదు. తలూపాను. అతను నా వంక వింతగా చూసి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 22, శుక్రవారం

ఆ పిల్లకి పొగరు బాగానే ఉంది. నిన్నటిదాకా ‘సార్’ అనేది, ఇవాళ ‘అండీ’ అంటోంది. అటెండెన్సుకి కూడా ‘యస్ సార్’ మానేసి చెయ్యెత్తింది.

ఆగస్టు 24, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండు రోజులు కూతురు మాట్లాడకపోతే ఏ తండ్రి తట్టుకోగలడు? నిన్న ల్యాబ్ అటెండర్ని అడిగాను. వాళ్ళింటి మేడమెట్ల కింద పిల్లి పిల్లలు పెట్టిందట. ఇవాళ పొద్దున వెళ్ళి, ఒకదాన్ని సుద్దముక్కల అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాను. దారంతా నా చొక్కా పట్టుకుని పీకింది. సొంత నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే తండ్రి గొప్పవాడని దారిలో నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

తల్లీకూతుళ్ళిద్దర్నీ పిలిచి, పెట్టె బల్ల మీద పెట్టాను.

“ఇదిగో. నీ మాటే నెగ్గింది. జాతి గీతి ఏమీ అడగను. ఇంట్లోనే ఉండనీ.”

పెట్టెలోంచి బూడిదరంగు తల ఒకటి పైకొచ్చింది. అమ్మాయి దాన్ని చూసింది, నన్ను చూసింది.

“ఏంటిది?”

“పిల్లి.”

“పిల్లి ఎందుకు?”

“ఎందుకంటావేం? వానలో నన్ను కార్లో వదిలేసి దిగిపోయింది దీని కోసమేగా! ఆఫీసులో చూశాను, నేనంటే ప్రాణం, ఏడాదిగా అనుకుంటున్నాను అన్నావు. ఆ పిల్లి కాకపోయినా, ఏదో ఒక పిల్లి.”

మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా మొహానికి ఎదురుగా నిలబడింది. ఒక్కో అక్షరం విడదీసి, నేను ఒకటో తరగతి పిల్లలకి చెప్పినట్టు, చెప్పింది.

“నాన్నా. నేను అన్నది పిల్లి కాదు. పె. ళ్ళి. పెళ్ళి.”

మా ఆవిడ ముందు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ, సగంలో ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలుసు. అప్పటికి నేనూ అక్కడికే చేరాను. ఏ జాతి. మన ఇంట్లో ఇమడవు. వీధిలో తిరిగేవి. కడుక్కోవాల్సింది మనమే.

“నువ్వు ఆ మాటలన్నావని అతనికి చెప్పలేక చచ్చాను నాన్నా,” అంది అమ్మాయి. “మనుషులంతా ఒకటేనని చిన్నప్పట్నుంచీ నాకు పాఠాలు చెప్పి, తీరా నా దాకా వచ్చేసరికి ఇలా అన్నాడే అని.”

“నేను పిల్లి గురించి అన్నాను!”

“ఇప్పుడు తెలిసింది.”

“వాన పడుతోంది. లారీ కూడా వచ్చింది.”

“వానలూ లారీలూ అందరికీ వస్తాయండీ,” అంది మా ఆవిడ. గట్టిగా కాదు. నేను వినేలా, నా కళ్ళలోకి చూస్తూ అంది. “మీకు వినపడటం లేదు.”

పిల్లి పెట్టెలోంచి దిగి, ఎవర్నీ అడక్కుండా మిషను కింద బట్టముక్కల్లో పడుకుంది.

ఆగస్టు 25, సోమవారం

ఈ డైరీ మొదట్నుంచీ చదివాను. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 26, మంగళవారం

లెక్కల మాస్టారింటికి వెళ్ళాను.

“మీకు తెలుసా?” అన్నాను.

“తెలుసు మాస్టారూ.”

“మరి స్నేహితుడై ఉండి ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“మూడుసార్లు చెప్పానండీ. మీకు వినపళ్ళేదు.”

ఆగస్టు 28, గురువారం

చెవుల పరీక్ష. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతిలో ఒక బటన్ పెట్టారు. కూత వినపడితే నొక్కాలి. బయట పరీక్ష చేసే అమ్మాయి మీటలు తిప్పుతోంది.

మొదట్లో బాగానే వినపడ్డాయి, నొక్కాను. తర్వాత నిశ్శబ్దం. చాలాసేపు నిశ్శబ్దం. అప్పుడు గమనించాను, మీట నొక్కేముందు ఆ అమ్మాయి భుజం కాస్త పైకి లేస్తోంది. భుజం లేచినప్పుడల్లా నేనూ నొక్కడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపీ కొట్టేవాళ్ళని పట్టుకున్నవాణ్ణి. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ విద్య!

ఆమె తలుపు తీసింది. “మీరిప్పుడు నొక్కారు కదండీ, నేనేమీ పెట్టలేదు. భుజం నొప్పిగా ఉండి కదిలించానంతే.”

పట్టుబడ్డ పిల్లలు నేలకేసి ఎందుకు చూస్తారో తెలిసింది. నేల తప్ప ఇంకేదీ మనకేసి చూడదు.

కుర్చీ అటు తిప్పి మళ్ళీ చేసింది. తర్వాత కాగితం మీద గీత చూపించింది. ఎడమ వైపు చదునుగా వచ్చి, కుడి వైపు కొండ మీదనుంచి జారినట్టు పడిపోయింది. రెండు చెవులూ అంతే.

“లావు గొంతులు బాగానే అందుతాయండీ. సన్నటి శబ్దాలు పోయాయి. అక్షరాల్లో ముందు పోయేవి శ, ష, స. ఎదుటివాళ్ళు మింగేస్తున్నట్టు ఉంటుంది.”

“అవి నేను పాఠం చెప్పే అక్షరాలమ్మా,” అన్నాను.

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

అప్పుడు ఆ తొమ్మిదో తరగతి పిల్ల గుర్తొచ్చింది. ‘సార్’ అనడం మానేసింది పొగరుతో కాదు. అందులో ‘స’ ఉంది. చెయ్యెత్తితే అక్షరంతో పని ఉండదు.

సెప్టెంబరు 2, మంగళవారం

చెవి మిషన్లు చూపించారు. మళ్ళీ పెట్టెలు, మళ్ళీ అంకెలు. “ఈ అంకె పెట్టెదా, లోపలిదా?” అని అడిగాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మొత్తం ఊపిరి బిగబట్టి బేరమాడినా ప్రస్తుతానికి ఒక చెవికే వస్తుందని తేలింది. ఈసారి మా ఆవిడ కొలత తీయలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

సెప్టెంబరు 6, శనివారం

పెట్టుకున్నాను. కుడి చెవికి.

చొక్కా చప్పుడు చేస్తుందని మర్చిపోయాను. చెప్పులు నేలని గీరుతాయి. మా ఆవిడ కత్తెర గుడ్డలోంచి వెళ్తుంటే ‘సర్’మని ఒక పొడుగాటి ‘స’ వచ్చింది. ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను.

“ఏం కావాలి?” అంది.

“ఏమీ వద్దు. కత్తిరించు.”

కార్లో కూర్చుని తాళం తిప్పాను. మొన్న పెట్టిన సౌండు అలాగే ఉంది. తల మీద పిడుగు పడ్డట్టయింది. పక్కింటి కుక్క లేచింది. లెక్కల మాస్టారు ఈ పక్క సీట్లో అన్నాళ్ళు ఎలా కూర్చున్నాడో! ఆయన్ని బస్సు ఎక్కించిన డాక్టర్ని నేనే. తగ్గించి విన్నాను. వార్తలావిడ ఎంత శుభ్రంగా చదువుతోందో! పత్తి ఆవిడ నోట్లో ఏనాడూ లేదు. డోరులో విరిగిన క్లిప్పులు గడగడ కొట్టుకుంటున్నాయి, అవి మాత్రం నిజంగా పాడైనవే.

బావమరిదికి ఫోను చేశాను. నా పాత స్పీకర్లు వాడి కార్లో వేసుకున్నాడట. “అద్భుతంగా పాడుతున్నాయి బావా,” అన్నాడు. ప్రతి అక్షరం వినపడింది.

సెప్టెంబరు 8, సోమవారం

ముందు ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ చాలాసేపు పేపరువెయిటు తిప్పింది. ఇకమీదట పోటీలకి నన్ను పిలవరట. మిగతా సంగతి ఈ ఏడాది చూసి ఆలోచిస్తారట. ఆ ‘ఆలోచిస్తాం’లో ఏముందో అర్థం కావడానికి మంచి చెవి అక్కర్లేదు. ఆ పిల్లకీ మొదటి బహుమతి ఇవ్వడానికి ఒప్పుకుంది, కుర్రాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోకుండా. అది చాలు.

తర్వాత తొమ్మిదో తరగతికి వెళ్ళాను. పాఠం తీయకుండా నిలబడ్డాను. చెవి వెనకనుంచి మిషను తీసి చూపించాను. పిల్లలు చిత్రంగా చూశారు.

“మొన్న పోటీలో తప్పు పలికింది ఆ అమ్మాయి కాదు. తప్పు విన్నది నేను. ఆ పిల్ల ‘స’ సరిగ్గానే పలికింది. ఆ హాల్లో మీ అందరికీ వినపడింది, నాకొక్కడికే వినపళ్ళేదు. అయినా మైకు నా చేతిలో ఉంది కాబట్టి మీరంతా నవ్వారు.”

ఆ పిల్ల బల్లకేసి చూస్తోంది.

“ఆ ఉపన్యాసం ఇంకొక్కసారి చెబుతావామ్మా? ఈసారి వింటాను.”

ఆమె లేచి నిలబడింది. “ఇప్పుడు రాదండీ,” అంది.

“మర్చిపోయావా?”

“లేదండీ. రాదు.”

కూర్చోమన్నాను. న్యాయమే. నేను అడిగినప్పుడు ఇవ్వడానికి, అది నేను ఆమెకిచ్చిన వస్తువు కాదు కదా.

గంట కొట్టాక మెట్లు దిగుతున్నాను. చుట్టూ పిల్లల గోల, ఆ మిషనులో అంతా కలిసి ఇనప రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంది. వెనకనుంచి, పైమెట్టు మీదనుంచి, సన్నగా, “సార్!”

తిరిగాను. ఆ పిల్లే.

“ఏమ్మా?”

“ఏం లేద్సార్. వినపడుతుందో లేదోనని.” పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 10, బుధవారం

లెక్కల మాస్టారు బస్సు మానేశాడు. డాక్టరు ఇక నడక చాలన్నాడట.

సెప్టెంబరు 14, ఆదివారం

అమ్మాయి పెళ్ళి చేసుకుంటానన్న అతను ఇంటికొచ్చాడు. అమ్మాయి ఆఫీసులోనే స్థలాల కొలతలు తీసే పని. ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డ మెడ, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా. మా ఆవిడ వాకిట్లోనే అతని భుజాలు కళ్ళతో కొలిచేసింది, ఎప్పటికైనా కుట్టాల్సి వస్తుందని. అమ్మాయి మాత్రం పరీక్ష ఫలితాల రోజు పిల్లలా, నన్నూ అతన్నీ మార్చి మార్చి చూస్తోంది.

అతను కూర్చోగానే పిల్లి వచ్చి ఒళ్ళో ఎక్కింది. దాని వీపు నిమిరి, చాలా అమాయకంగా మొహం పెట్టి, “ఇది ఏ జాతండీ?” అని అడిగాడు.

అమ్మాయి అతని కాలు తొక్కింది, బల్ల కింద చప్పుడు నాకు వినపడింది.

“అడగలేదు బాబూ,” అన్నాను. “అదీ చెప్పలేదు.”

ముందు అతను నవ్వాడు, తర్వాత మా ఆవిడ. నేను ఆఖరున నవ్వాను, కానీ బాగా నవ్వాను. అమ్మాయి అంతా చెప్పేసిందన్నమాట. కుర్రాడికి ధైర్యం ఉంది. తనని అన్నాననుకుని అమ్మాయి ఏడ్చిన మాటని, నా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని నాకే తిరిగిచ్చాడు, అదీ నొప్పి తీసేసి.

తర్వాత మాటలు మొదలయ్యాయి. నేను కుడి చెవి అతని వైపు పెట్టి కూర్చున్నాను. నెమ్మదస్తుడు, గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఒక్క ముక్క కూడా జారిపోలేదు.

“మా ఇంటి దగ్గర సబ్దాలు ఉండవండీ. సాంతంగా ఉంటుంది. డాబా ఎక్కితే ఆకాసం మొత్తం కనపడుతుంది. మీ అమ్మాయికి అక్కడ ఒక గది గీసుకోవాలని ఆస.”

నా వెన్ను నిటారుగా అయింది. శబ్దం. శాంతం. ఆకాశం. ఆశ. ఒక్క ‘శ’ లేదు! ఆ మనిషి నోట్లో ‘శ’కి చోటే లేదు. నా చూపుడువేలు దానంతటదే లేచింది. తరగతిలో లేచినట్టు.

అమ్మాయి ఆ వేలునే చూస్తోంది. ఈ ఇంట్లో పుట్టి, ఈ వేలు కింద అక్షరాలు దిద్దిన పిల్ల. ఆ మాటలు వాటి సరైన రూపంతో సహా ఆమెకి తెలుసు. తెలిసే ఎంచుకుంది. ఇన్నాళ్ళూ అతన్ని నా ముందుకి తేవడానికి ఎందుకు జంకిందో, అందులో జాతి ఎంతో, ఈ అక్షరం ఎంతో!

వేలుతో పిల్లి చెవి గోకాను.

“శనివారం మా అమ్మానాన్నలు వస్తామన్నారండీ,” అనడానికి అతను, “సనివారం” అన్నాడు. రమ్మన్నాను. ఆరోజు నాకు ఏ పనీ లేదన్నాను.

అతన్ని వీధి చివరిదాకా సాగనంపి అమ్మాయి తిరిగొచ్చింది. నేను వరండాలోనే ఉన్నాను. వచ్చి నా కుడి పక్కన కూర్చుంది.

“ఎలా ఉన్నాడు?”

“బాగున్నాడు. మంచి మనిషి.”

“నీకు... అన్నీ వినపడ్డాయా నాన్నా?”

“ఏమిటీ?” అన్నాను.

ఈ మాటని ఇన్నాళ్ళూ వినపడక అనేవాణ్ణి. వినపడి అనడం ఇదే మొదలు. అమ్మాయి నా మొహంలోకి చూసి, మళ్ళీ అడగకుండా, నా భుజం మీద తల పెట్టుకుంది.